సంచిలోని ఆటతెర

పుస్తకముల నడుమ ఒదిగిపోవు పోర్టబుల్ గేమింగ్ మానిటర్ విద్యార్థులను మిక్కిలి ఆకర్షించు వస్తువు. ఏసుస్ కంపెనీ వారి ఎక్స్‌జీ17 ఇందుకు ఉదాహరణము: 17.3 అంగుళముల తెర, సుమారు కిలో బరువు, లోపలనే బ్యాటరీ. సాధారణపు తెర సెకనుకు 60 మారులు చిత్రమును మార్చగా ఇది 240 మారులు మార్చును. అనగా ఒక్కొక్క చిత్రమునకు 16.7 మిల్లీసెకన్లకు బదులు 4.2 మాత్రమే. ఆట నడుపు యంత్రము అంత వేగముగ గీయలేనిచో ఇది వృథా.

అసలు చిక్కు తీగ వద్ద కలదు. టైప్-సి రంధ్రములన్నిటికి రూపమొకటే, గుణము వేరు. కొన్ని విద్యుత్తును, సమాచారమును మాత్రమే అందించును, చిత్రమును పంపవు. చౌక ఫోన్లలో పెక్కింటివి ఈ తెగవే. జీడిపిక్కలమ్మిన సొమ్ముతో తెర కొనిన పిదప ఈ సంగతి తెలియుట ఉద్దానపు బిడ్డకు తగని నష్టము. కావున ముందే తన ఫోనును, ల్యాప్‌టాప్‌ను పరీక్షించుకొనవలెను.

ఇట్టి తెరల పీఠము పొట్టిది; మెడ వంగును. క్రింద రెండు లావుపాటి పుస్తకములుంచుటయే నాకు తోచిన వైద్యము. బ్యాటరీ పూర్తి వేగమున సుమారు మూడు గంటలు మాత్రమే. 2018 అక్టోబరు నాటి తిత్లీ తుఫాను పిదప రోజుల తరబడి చీకటిలో గడపిన మన పల్లెలకు అదేపాటి!

రావివలస మల్లికార్జునుడు కప్పులేక ఎండలో వెలసి ఎండల మల్లన్న అయినాడు. ఈ తెర మాత్రము ఎండకు వెలవెలబోవును. కిటికీ ప్రక్కకు వచ్చునట్లు కూర్చుండుట మేలు. అంగుళమునకు 127 చుక్కలున్నందున ఉర్దూ నుక్తాలు, తెలుగు ఒత్తులు స్ఫుటముగనే తోచును గాని మరీ చిన్నవి. అక్షరములను 125 శాతమునకు పెంచిన కన్నులకు హాయి.