ఫోన్‌లో బొంగరం ఉందా?

ప్రశ్న: ఫోన్‌లో గైరోస్కోప్ ఉందంటారు. గిర్రున తిరిగే చక్రం అందులో ఎలా పట్టింది?

జవాబు: చక్రం లేదండి. అంత చిన్న కొలతలో బేరింగు పెడితే రాపిడికే అరిగిపోతుంది. సన్నని సిలికాన్ స్ప్రింగులకు వేలాడే నలుసంత ముక్క ఒకటి సెకనుకు వేలసార్లు అటూ ఇటూ ఊగుతుంటుంది. ఫోన్ తిప్పగానే కొరియాలిస్ బలం దాన్ని పక్కకు నెడుతుంది. ఆ కదలిక వెంట్రుక మందంలో వెయ్యోవంతు కూడా ఉండదు. అయినా దువ్వెన పళ్లలాంటి పలకల మధ్య కెపాసిటెన్స్ మారగానే చిప్ పసిగడుతుంది. ఇంతకంటే అందమైన యంత్రం నాకు తెలియదు! దీని వెనకున్న సూత్రం మాత్రం పాతదే: మోగుతున్న గాజుగ్లాసును తిప్పితే కంపనం కాస్త వెనకబడుతుందని 1890లోనే శాస్త్రవేత్త జి.హెచ్. బ్రయాన్ గమనించారు.

ఒక్క మాట. రిపేరులో బోర్డును అల్ట్రాసోనిక్ క్లీనర్‌లో వేస్తామంటే వద్దనండి. ఆ కంపనం గైరోస్కోప్ సహజ పౌనఃపున్యంతో కలిస్తే స్ప్రింగులు విరిగిపోవచ్చు.