ఒకే పదం, మారే అర్థం: తార్కిక ప్రశ్నల పరిశీలన

పోటీ పరీక్షల తార్కిక వివేచన విభాగంలో కొన్ని ప్రశ్నలు సులభంగా తోస్తాయి. ప్రకటన అర్థమవుతుంది, తీర్మానం సహజంగా కనిపిస్తుంది, సమాధానం మాత్రం తప్పుతుంది. తరచుగా దీనికి కారణం ఒక్క పదమే. ప్రకటనలో ఒక అర్థంతో వచ్చిన పదం తీర్మానంలో మరొక అర్థాన్ని ధరిస్తుంది. రూపం మారదు గనుక ఆ మార్పు కంటికి ఆనదు.

గౌతముని న్యాయసూత్రాలు ఈ దోషాన్ని ‘ఛలం’ అన్నాయి. అందులో మొదటి రకం వాక్ఛలం. ‘నవ’ శబ్దానికి కొత్త అనీ, తొమ్మిది అనీ రెండర్థాలు. బాలుడు నవకంబళం గలవాడని ఒకరంటే, తొమ్మిది కంబళ్లు ఎక్కడున్నాయని ప్రతివాది ఆక్షేపిస్తాడు. ఇక్కడ మోసం బయటికే కనిపిస్తుంది, నవ్వూ వస్తుంది. పరీక్షలోని పదాలకు అర్థాలు ఇంత దూరంగా ఉండవు, పక్కపక్కనే ఉంటాయి. చిక్కంతా అక్కడే.

ఈ వాదనను చూడండి: “ఓటరు జాబితాలో చేరాలంటే ఆ నియోజకవర్గ నివాసి అయి ఉండాలి. ఈ గృహస్థుకు ఇక్కడ సొంత ఇల్లు ఉంది కనుక ఇక్కడి నివాసి. కాబట్టి ఆయన పేరు ఇక్కడి జాబితాలో చేర్చాలి.” మొదటి వాక్యంలో ‘నివాసి’ అంటే సాధారణంగా అక్కడ నివసించే వ్యక్తి, రెండవ వాక్యంలో ఇంటి యజమాని. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షను ఈ రెంటినీ వేరు చేసింది. ఇల్లు ఉన్నంత మాత్రాన ఎవరూ సాధారణ నివాసి కారు. తాత్కాలికంగా ఊరు విడిచినంత మాత్రాన నివాసం పోదు. అద్దె ఇంట ఉండే వలస కుటుంబం ‘సొంత ఇల్లు లేదు, మనం ఇక్కడివారం కాము’ అనుకోవడం ఇదే దోషానికి తిరగేసిన రూపం. పరీక్షలో దాని మూల్యం ఒక మార్కు, బయట ఒక ఓటు.

దీనిని పట్టుకొనే మార్గం ఒకటుంది. అనుమానం కలిగిన పదాన్ని తీసివేసి, వచ్చిన ప్రతి చోటా దాని అర్థాన్ని పూర్తిగా వ్రాయాలి. అర్థం ఒక్కటే అయితే వాదన నిలుస్తుంది. రెండైతే నడుమ వంతెన లేదు. ‘వాదనను బలహీనపరచేది ఏది?’ అని అడిగితే ఆ ఖాళీని చూపే ఎంపికే సమాధానం: గృహస్థు ఆ ఇంటిని అద్దెకిచ్చి వేరే నగరంలో స్థిరపడ్డాడు. ఇల్లు చిన్నదనో, పాతదనో చెప్పే ఎంపికలు దృష్టి మరల్చడానికే. ‘మీటరు ప్రకారం నీటి వినియోగం తగ్గింది, కనుక జనం నీరు తక్కువగా వాడుతున్నారు’ అన్న వాదనలోనూ ఇదే ఎడం. ట్యాంకరు నీరు, బోరు నీరు మున్సిపల్ మీటరుకు ఎక్కవు.

అయితే రెండర్థాల పదం కనబడిన చోటల్లా దోషముందని అనుకోరాదు. తీర్మానం ఆ మార్పుపై ఆధారపడినప్పుడే అది దోషం. పలు భాషల నడుమ పెరిగిన అభ్యర్థులకు మరొక జాగ్రత్త కూడా కావాలి. ‘అవసరం’ తెలుగులో కావలసినదనాన్ని, కన్నడ తమిళాలలో తొందరను సూచిస్తుంది. ఇతర భాషా మాధ్యమంలో చదివి తెలుగు ప్రశ్నపత్రం ఎంచుకొన్నవారు ఇటువంటి పదాల వద్ద ఒక క్షణం ఆగడం మంచిది.