చెక్కుబందీ లేని బొమ్మలు

నందికొట్కూరు
ఆదివారం

చి|| బుజ్జికి మామ ఆశీర్వదించి రాసేది.

మీ అమ్మ మోకాలి నొప్పి రొంత తగ్గింది, మళ్ళీ మిద్దెక్కి మిరపకాయలు ఆరబోస్తా ఉంది. నువ్వు ఫోనులో పంపిన బొమ్మలన్నీ మీ అత్త చూపించింది. లెక్కపెట్టినా. అరవై రెండు. ఒక్క ఆదివారంలో చార్మినారు, గోల్కొండ, సాలార్‌జంగ్ మ్యూజియం, ట్యాంక్‌బండ్, మాపటికి బిర్లా మందిరం. చివర్లో "హైదరాబాదు అయిపోయింది మామా" అని రాసినావు. ఫోనులోనే జవాబిద్దామనుకుంటే నా వేళ్ళకు ఆ అక్షరాలు దొరకవు. ముప్పై రెండేళ్ళు సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు ముందు వేపచెట్టు కింద దస్తావేజులు రాసిన చెయ్యి ఇది, కాగితం కనిపిస్తేనే కదుల్తుంది.

నా పని సంగతి నీకు తెలుసు. సర్వే నంబరెంత, ఎకరాలెన్ని అని రాసినంత మాత్రాన దస్తావేజు కాదు. తూర్పున ఎవరి చేను, దక్షిణాన ఏ వంక, పడమట ఏ బాట, ఉత్తరాన ఎవరి గట్టు అని చెక్కుబందీ రాయాల. అది లేకుంటే ఆ భూమి గాలిలో ఉన్నట్టే. నీ అరవై రెండు బొమ్మల్లో ఒక్కదానికీ చెక్కుబందీ లేదు పాపా. ముందర నువ్వు, వెనక ఒక మీనారు. ఆ మీనారు నందికొట్కూరు పటేలు సెంటర్లో ఉన్నా బొమ్మ అట్లే వస్తుంది.

కాబట్టి మళ్ళీ పో. ఈసారి ఒక్క చార్మినారుకే పో. అంగళ్ళు తెరవకముందు, తెల్లారి పో. పైకి ఎక్కొద్దు. కమాన్ల నడుమ నిలబడి నిదానంగా నాలుగు దిక్కులకూ తిరుగు. ఉత్తరాన గుల్జార్ హౌజు, దాని చుట్టూ నాలుగు కమాన్లు. పడమట గాజుల అంగళ్ళ లాడ్ బజారు. నైరుతిన మక్కా మసీదు. తూర్పు బాట సర్దార్ మహల్ వైపు పోతుంది. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కొత్త ఊరికి పాతిన సర్వే రాయి ఈ చార్మినారు, నా లెక్కన. ప్లేగు తగ్గినందుకు కట్టినారని కొందరంటారు, హిజ్రీ వెయ్యో ఏటికి గుర్తుగా కట్టినారని ఇంకొందరంటారు. ఎందుకు కట్టినా, ఆ రాయిని పట్టుకొనే బాటలు పోయినాయి, బాటలను పట్టుకొని బజార్లు పెరిగినాయి.

చార్మినారు కమాన్ల మీద గడియారాలు చూసినావా? అవి 1889లో పెట్టినవి. కట్టించిన కుతుబ్‌షాకూ వాటికీ మూడు వందల ఏళ్ళ ఎడం. పాత దస్తావేజు అంచున వేరే సిరాతో ఎవరో షరా రాసినట్టుంటాయి నాకు.

మక్కా మసీదుది ఇంకో రకం కథ. 1617 ప్రాంతంలో మహమ్మద్ కుతుబ్‌షా మొదలుపెట్టినాడు. ఆయన పోయినాడు, కొడుకు అబ్దుల్లా కాలమూ పోయింది, అబ్దుల్లా అల్లుడు తానాషా ఖైదై పోయినాడు. తానాషాను ఖైదు చేసిన ఔరంగజేబే 1694లో దాన్ని పూర్తి చేయించినాడు. ఒకరు బయానా ఇచ్చి ఇంకొకరు రిజిస్ట్రేషన్ చేయించుకోవడం మా వేపచెట్టు కింద కూడా చూసినా గానీ, ఇంత కాలం సాగిన బేరం చూడలేదు.

ఇంత చెప్తున్నానని నేనేదో మొదటిసారే అన్నీ చూసేసినాననుకోవద్దు. నీ కంటే అధ్వాన్నం. పెళ్ళయిన కొత్తల్లో ఒక కక్షిదారు పని మీద హైకోర్టుకు పోయి, నేనూ నా జతగాడూ పనయినాక గోల్కొండకు పోయినాం. ఫతే దర్వాజా కింద చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్‌లో వినబడుతుందని అందరికీ తెలిసిందే కదా. వాడు పైకెక్కాల, నేను కింద మూడు చప్పట్లు కొట్టాల, వాడు పైనుంచి తువ్వాలు ఊపాల. అదీ ఒప్పందం. నేను కొట్టబోయే వేళకు ఒక బడి పిల్లలు వందమంది వచ్చి దబదబా కొట్టడం మొదలుపెట్టినారు. వాడు పైన ఎండలో గంటసేపు నిలబడి చెవులు రిక్కించి, మొహమంతా ఎర్రగా చేసుకొని దిగొచ్చినాడు. "యాడివిరా నీ మూడు?" అని కొట్లాట. ఆ కొట్లాటలోనే పొద్దు వాలింది. రామదాసు బందిఖానా గుమ్మం దాటకుండానే బస్సుకు పరుగెత్తినాం. నేను మళ్ళీ ఆ గుమ్మం తొక్కేదానికి పదకొండేళ్ళు పట్టింది.

ఆ బందిఖానాలోకి పోయినప్పుడు ఫోను సంచిలో పెట్టు. మొదట ఏమీ కనబడదు. కళ్ళు చీకటికి అలవాటు పడినాక గోడలో రాముడు, సీత, లక్ష్మణుడు, ఆంజనేయుడు మెల్లగా బయటికొస్తారు. భద్రాచలం గుడికి సర్కారు పన్ను సొమ్ము ఖర్చు పెట్టినందుకు కంచర్ల గోపన్నను, అంటే మన రామదాసును, పెట్టిన చోటు అది. పన్నెండేళ్ళు ఉన్నాడంటారు. ఆ చెక్కడాలు ఆయన చేతివేనని జనం నమ్మకం. చెక్కడం గొప్ప పనితనమేమీ కాదు. గుడిలో శిల్పి ఉలి వేరు, ఇది వేరు. ఆ తేడా చూసినప్పుడే నాకు ఒళ్ళు జలదరించింది.

గోల్కొండలో మన వాటా కూడా ఒకటుంది, అది ఏ గైడూ చెప్పడు. గోల్కొండ వజ్రం, గోల్కొండ వజ్రం అని ప్రపంచమంతా అంటారే, ఆ కొండలో వజ్రాల గని లేనే లేదు. కృష్ణ ఒడ్డున కొల్లూరు, ఇటు మన రామళ్ళకోట, అనంతపురం పక్క వజ్రకరూరు, ఈ నేలల్లో దొరికినవి అక్కడికి పోయి బేరమైనాయి. దొరికిన ఊరి పేరు పోయి అమ్మిన ఊరి పేరు నిలిచింది. చెనిక్కాయల సంగతీ అంతే కదా, పండించేది మనం, పేరు మిల్లుది. తొలకరి పడితే ఇప్పటికీ జొన్నగిరి, తుగ్గలి చేలల్లో ఊర్లకు ఊర్లు తల వంచుకొని నడుస్తా వజ్రాలు వెతుకుతారు. మీ నాయన కూడా ఒక ఏడు మూడు రోజులు పోయినాడు, మీ అమ్మకు చెప్పకుండా. దొరికింది వడదెబ్బ. ఈ మాట నేను రాసినట్టు చెప్పొద్దు.

సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం గంట కొట్టేది చూసినానని రాసినావు. బాగుంది, అందరూ చూస్తారు. ఈసారి ఆ గంట కొట్టే మనిషి బయటికొచ్చే ముందర కూర్చున్న జనం మొహాలు చూడు. తర్వాత పోయి బెంజోనీ 1876లో చెక్కిన ముసుగు రెబెక్కా ముందర పది నిమిషాలు నిలబడు. అంతే, ఇంకేం వద్దు. మిగతావి ఇంకో రోజు. శుక్రవారం మాత్రం పోవద్దు, మూసి ఉంటుంది. ట్యాంక్‌బండ్ బుద్ధుడి గురించి ఒక్క మాట. 1990లో పడవ మీద తీసుకుపోతుంటే మునిగి, మనుషుల ప్రాణాలు తీసి, రెండేళ్ళకు పైగా హుస్సేన్‌సాగర్ అడుగున పడుకొని, 1992 డిసెంబరులో లేచి నిలబడినాడు. ఆయన ముందర ఐస్‌క్రీము తింటా దిగిన బొమ్మలు ఎనిమిది పంపినావు. సరే, తిను.

నీ బొమ్మల్లో లేని చెట్టు ఒకటుంది. మన బస్సు మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లో దింపుతుంది కదా, అక్కడికి దగ్గర్లోనే అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆస్పత్రి. దాని ఆవరణలో ముసలి చింతచెట్టు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు ఆ చెట్టు కొమ్మలు పట్టుకొని నూట యాభై మంది బతికినారని చెప్తారు. ఆ వరదలోనే ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లిని, పెళ్ళాన్ని, బిడ్డను పోగొట్టుకొని ఒక్కడు మిగిలినాడు. ఆ తర్వాతే విశ్వేశ్వరయ్యను పిలిపించి సలహా అడిగినారు. వరదను ఆపేదానికి 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ చెరువులు వచ్చినాయి.

ఆ చెట్టు కింద నిలబడితే నాకు 2009 అక్టోబరు 2 గుర్తొచ్చింది. నీకు అప్పుడు ఊహ తెలీదు. తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు పాతబస్తీ మీద పడినాయి. మీ పెద్దమ్మ వాళ్ళు రెండు రాత్రులు మిద్దె మీదే. నీళ్ళు తీసినాక నేను పోతే, వాళ్ళ ఇంటి దస్తావేజులు, నేనే స్వయంగా రాసినవి, బురదలో అట్టు మాదిరి అతుక్కొని ఉండినాయి. ఒక్కొక్క కాగితం విడదీసి తీగ మీద ఆరేసినా. సిరా పోయింది, స్టాంపు గుర్తు మాత్రం మిగిలింది. కరువు సీమ వాళ్ళమని అనుకుంటాం గానీ మనకూ ఒక చింతచెట్టు కావలసి వచ్చింది. దాని మొదలు మీద ఒకసారి చెయ్యి పెట్టి రా.

ఇంక అసలు సంగతి. నువ్వు దినామూ బస్సు మారే కోఠీ. అక్కడ ఆడపిల్లల కళాశాలలో, ఇప్పుడు అది చాకలి ఐలమ్మ పేరున విశ్వవిద్యాలయం, తెల్లటి లావు స్తంభాల మేడ ఒకటుంది. కోఠీకి ఆ పేరొచ్చింది ఆ మేడ వల్లే. ఈస్టిండియా కంపెనీవాళ్ళ రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ 1803 ప్రాంతంలో మొదలుపెట్టించినాడు. ఖర్చు నిజాముది. పెద్ద కాగితం మీద ప్లాను గీసి చూపిస్తే ఇంత చోటు ఇవ్వనని నిజాము మొండికేసినాడంట, అదే ప్లాను చిన్న కాగితం మీద గీసి చూపిస్తే సరేనన్నాడంట. నిజమో కల్పనో గానీ, కొలతలు చూడకుండా కాగితం సైజు చూసి సంతకం పెట్టే పెద్దమనుషులను నా కళ్ళతో చూసినా, కాబట్టి నాకు నమ్మబుద్ధవుతుంది.

ఆ మనిషి ఖైరున్నీసా అనే హైదరాబాదు పెద్దింటి పిల్లను పెళ్ళాడి, 1805లో కలకత్తాలో పోయినాడు. గైడ్లందరూ ఈ ప్రేమకథే చెప్తారు. నేను చెప్పేది వేరే. ఆ మేడ లేవకముందు, 1800 అక్టోబరు 12న, ఇదే కిర్క్‌పాట్రిక్ రెసిడెంటుగా ఉన్నప్పుడు, నిజాం అలీ ఖాన్ కంపెనీతో ఒక ఒప్పందం రాసుకున్నాడు. కంపెనీ సైన్యం నిజామును కాపాడేటట్టు, ఆ సైన్యం ఖర్చుకు నిజాము భూమి ఇచ్చేటట్టు. ఏ భూమి? టిప్పు మీద గెలిచి 1792లో, 1799లో వాటాగా వచ్చిన భూమి. బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలు పక్క కొన్ని తాలూకాలు. దత్తమండలాలంటే అవే. మూడు తరాల మనుషులు, వాళ్ళ చేలు, చెరువులు, కరువులు, అన్నీ కలిపి ఒక్క దస్తావేజులో చేయి మారినాయి. ఇందులో ఒక మెలిక ఉంది. మన నందికొట్కూరు అప్పుడు కర్నూలు నవాబు కింద ఉండె. 1800లో ఆయన కట్టే పేష్కష్, అంటే కప్పం, మాత్రమే కంపెనీకి మారింది. కోటలో ఆయుధాలు పోగేసినాడని 1839లో నవాబు గులాం రసూల్ ఖాన్‌ను దించినాకే మన నేల వాళ్ళ చేతికి పోయింది. హద్దుల దగ్గర నాకు తప్పు రాయబుద్ధి కాదు, అందుకే ఇంత విడమరిచి చెప్పినా.

దత్తమండలం అంటే ఇచ్చేసిన మండలం. ఆ పేరు నూట ఇరవై ఎనిమిదేళ్ళు మోసినాం. 1928లో నంద్యాలలో జరిగిన సభలో చిలుకూరి నారాయణరావు గారు రాయలసీమ అనే పేరు చెప్పినాకే అది వదిలింది. అదే కోఠీ పక్కన సుల్తాన్ బజారులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉంది చూడు, 1901లో పెట్టిన గ్రంథాలయం. ఇక్కడ మనం పేరు మార్చుకోకముందే, మనల్ని రాసిచ్చేసిన ఊళ్ళో, ఆ మేడకు పిలిస్తే పలికే దూరంలో తెలుగువాళ్ళు రాయల పేరు పెట్టుకొని పుస్తకాలు సర్దుకున్నారు. నాకు ఈ రెండు చిరునామాలూ పక్కపక్కన కనబడినప్పటి నుంచి కోఠీ అంటే బస్సు మారే చోటు కాకుండా పోయింది.

మేడలోకి పోవాలంటే ముందు అనుమతి అడుగు, పిల్లలు చదువుకునే చోటు. మెట్ల దగ్గర రెండు సింహాలుంటాయి. బొమ్మ దిగొద్దని అనను, దిగు. కానీ దాంతో పాటు ఒక తెల్లకాగితం మీద ఆ మేడ చెక్కుబందీ రాసి పంపు. తూర్పున ఏముంది, దక్షిణాన ఏముంది, సింహాల మొహం ఏ దిక్కుకుంది, అక్కడ నిలబడితే మూసీ ఎటుపక్క. నేను పోయినప్పుడు మరమ్మతు జరుగుతా ఉండి లోపలికి రానివ్వలేదు, కాబట్టి నా దగ్గర ఆ కాగితం లేదు.

సంక్రాంతికి వచ్చినప్పుడు కర్నూల్లో కొండారెడ్డి బురుజు కూడా ఎక్కుదువు గానీ. పుట్టినప్పటి నుంచి దాని ముందర బస్సు దిగి బట్టల అంగళ్ళకు పోయేదే తప్ప ఒక్కసారన్నా లోపలికి పోయినావా నువ్వు?

శుక్రవారం రాత్రి బస్సులో జొన్న రొట్టెలు, చెనిగిత్తనాల పొడి పంపిస్తున్నా. డ్రైవరుకు చెప్పినా. పొద్దున ఆరుకే పోయి తీసుకో, పోయినసారి మాదిరి పన్నెండుకు పోతే రొట్టెలు విరుగుతాయి, డ్రైవరు నన్ను తిడతాడు.

ఇట్లు
మీ మామ