డాబాపై సౌరఫలకములు పెట్టించుట మేలా?

ప్రశ్న: తెనాలిలో మాకు సొంత డాబా ఇల్లు కలదు. నెలకు 300 యూనిట్ల కరెంటు వాడుచున్నాము. దక్షిణమున కొబ్బరిచెట్లున్నవి; వేసవిలో కోతలు తప్పవు. సౌరఫలకములు పెట్టించవచ్చునా?
– ఒక పాఠకుడు

జవాబు: మీ వాడుకను బట్టి చూడగా ఈ వ్యయము సార్థకమే కాని, నీడ విషయము తేల్చుకొనక తొందరపడరాదు. ఫలకములోని ఘటములు వరుసగా కూర్చబడియుండుటచే, కొన్నింటిపై కొబ్బరిమట్ట నీడ పడినను తక్కినవాని ఉత్పత్తియు కుంటువడును. కావున సూర్యుడు దక్షిణమునకు వాలియుండు డిసెంబరు మాసమున, ఉదయము 9 గంటలు మొదలు సాయంకాలము 3 గంటల వరకు నీడ యెచ్చట ప్రాకునో డాబాపై సుద్దతో గుర్తింపుడు. నీడలేని చోటు సుమారు 300 చదరపు అడుగులు మిగిలినచో 3 కిలోవాట్ల ఏర్పాటునకు చాలును. కిలోవాటునకు దినమునకు సగటున 4 యూనిట్లు వచ్చును గనుక మీ అవసరము తీరును.

ప్రధానమంత్రి సూర్యఘర్ పథకమున ఇంతటి ఏర్పాటునకు 78,000 రూపాయల సబ్సిడీ కలదు. అయితే అది పని ముగిసిన పిదపనే మీ ఖాతాకు చేరును గావున, ముందుగా మొత్తము సొమ్ము సమకూర్చుకొనవలయును. పగటి మిగులు కరెంటు నెట్ మీటరు ద్వారా బిల్లులో జమపడును.

కోతల మాట వేరు. గ్రిడ్డుతో ముడివడిన సాధారణపు ఏర్పాటు, లైనుపై పనిచేయువారి ప్రాణరక్షణార్థము, కరెంటు పోగానే తానును ఆగిపోవును; కోతవేళను వెలుగు కావలెనన్న బ్యాటరీయు, హైబ్రిడ్ ఇన్వర్టరును అదనముగా కొనవలయును.

స్లాబున పగుళ్లో చెమ్మయో కానవచ్చినచో, పని మొదలిడకమునుపే సివిల్ ఇంజనీరునకు చూపింపుడు. మంజూరైన లోడు చాలునో లేదో విద్యుత్ పంపిణీ సంస్థ కార్యాలయమున స్వయముగా విచారింపుడు.