హీటింగ్ కడిగించే ముందు

ఇంగ్లండ్‌లో పాత ఇల్లు కొనుక్కున్న మన పిల్లలు చలి మొదలవగానే ఫోన్ చేస్తారు. "బాబాయ్ గారూ, బాయిలర్ నడుస్తూనే ఉంది, గది మాత్రం వేడెక్కడం లేదు. పవర్ ఫ్లష్ చేయించాలంటున్నారు, చేయించమంటారా?" పవర్ ఫ్లష్ అంటే మిషన్‌తో హీటింగ్ గొట్టాలూ రేడియేటర్లూ కడగడం. ఈ దేశంలో హీటింగ్ పనులు చేస్తూ జుట్టు నెరిసినవాణ్ణి. అందరికీ విడివిడిగా చెప్పేది ఒకచోట రాసి పెడుతున్నాను.

1. ముందు తడిమి చూడండి. రేడియేటర్ కింద వేడిగా, పైన చల్లగా ఉంటే లోపల గాలి చేరింది. చిన్న తాళంచెవితో వదిలిస్తే సరి, ఫ్లష్ అక్కర్లేదు. పైన వేడిగా ఉండి కింద, నడుమ చల్లగా ఉంటే అది బురద. ఒక్క రేడియేటర్ మాత్రమే మొత్తం చల్లగా ఉంటే, దాని థర్మోస్టాట్ వాల్వ్ తల కింద ఉండే పిన్ను ఇరుక్కుందేమో చూడండి. పిన్ను కదిలిస్తే తీరే పనికి ఫ్లష్ బిల్లు కట్టకండి.

2. బురద బయటినుంచి రాదు. రేడియేటర్లు ఉక్కువి. నీళ్ళలోని ఆక్సిజన్ ఆ ఉక్కును తింటుంది. అలా పుట్టేదే మాగ్నెటైట్ అనే నల్లటి తుప్పు. పంటబోదెలో ఒండ్రులా అడుగున పేరుకుంటుంది. గాలి వదిలేటప్పుడు వచ్చిన నీళ్ళు కప్పులో పట్టి, కప్పు బయట అయస్కాంతం పెట్టండి. నలుపు అటు పోగైతే అనుమానం తీరినట్టే. ఈ తుప్పు పంపును అరగదీస్తుంది. స్నానపు నీళ్ళు కూడా కాచే కాంబి బాయిలర్‌లో సన్నటి దారులున్న హీట్ ఎక్స్‌ఛేంజర్‌ను పూడ్చేస్తుంది. స్నానానికి నీళ్ళు ఒకసారి వేడిగా, ఒకసారి చల్లగా రావడానికి ఇదొక కారణం.

3. గాలి వదిలేటప్పుడు దగ్గర నిప్పు ఉండకూడదు. తుప్పు పడుతున్నప్పుడు హైడ్రోజన్ కూడా పుడుతుంది, అది అంటుకుంటుంది. ఒకే రేడియేటర్‌లో మాటిమాటికీ గాలి చేరుతుంటే లోపల తుప్పు జోరుగా సాగుతోందనో, ఎక్కడో గాలి పీలుస్తోందనో అనుకోవాలి.

4. ప్రెషర్ పడిపోయిందని రోజూ నీళ్ళు ఎక్కించకండి. నేను మొత్తుకునేది ఈ ఒక్కదాని గురించే. చల్లగా ఉన్నప్పుడు ప్రెషర్ గేజ్ ముల్లు ఒకటి, ఒకటిన్నర బార్ మధ్య ఉండాలి. అది వారం వారం పడుతుంటే నీళ్ళు ఎటో పోతున్నాయి. వాల్వుల నట్ల దగ్గర పచ్చటి మరక ఉందా? ఇంటి బయట గోడలోంచి వచ్చే రాగి గొట్టం కారుతోందా? ఎక్స్‌పాన్షన్ వెసెల్‌లో గాలి తగ్గిందా? ఇవి చూడకుండా కుళాయి తిప్పితే, కొత్త నీళ్ళతో పాటు కొత్త ఆక్సిజన్‌నూ మీరే లోపలికి పంపుతున్నారు. అటకమీద తొట్టి ఉన్న పాత సిస్టమ్ అయితే, నడుస్తున్నప్పుడు తొట్టిలోకి వేడినీళ్ళు పొంగుతున్నాయేమో ఎక్కి చూడండి. అలా పొంగితే గాలి కలుస్తున్నట్టే.

5. జబ్బుకు తగ్గ కడుగుడు. ఒకటి రెండు రేడియేటర్లే మూసుకుపోతే రెండు వాల్వులూ కట్టేసి, ఊడదీసి, పెరట్లో హోస్ పైపుతో కడిగితే చాలు. లాక్‌షీల్డ్ వాల్వ్ (థర్మోస్టాట్ లేని వైపుది) మూసేటప్పుడు ఎన్ని చుట్లు తిప్పారో రాసుకోండి, తిరిగి అంతే తెరవాలి. కార్పెట్ మీద నల్ల నీళ్ళు పడితే మరక పోదు. ఇల్లంతా ఓ మోస్తరుగా ఉంటే క్లీనర్ మందు పోసి, కొన్నాళ్ళు నడిపి, నీళ్ళు తేటగా వచ్చేదాకా ఖాళీ చేసి నింపాలి. బాగా ముదిరితేనే పవర్ ఫ్లష్. అందులో పనిచేసేది ఒత్తిడి కాదు, ప్రవాహం వేగం. దాన్ని అటూ ఇటూ తిప్పుతూ, ఒక్కో రేడియేటర్‌నూ రబ్బరు సుత్తితో తడుతూ కడగాలి. ఎనిమిది, పది మిల్లీమీటర్ల సన్నగొట్టాలు పూర్తిగా పూడిపోతే మిషన్‌కూ లొంగవు, మార్చాల్సిందే. తుప్పే అడ్డుపడి ఆపిన చిల్లులు కడిగాక కారడం మొదలెడతాయి, అందుకూ సిద్ధపడండి. గ్యాస్ బాయిలర్ మూత మాత్రం గ్యాస్ సేఫ్ కార్డున్నవాళ్ళే తీయాలి. మురికినీళ్ళు వాననీటి కాలువలో పోయనివ్వకండి, అవి నేరుగా వాగుకో నదికో చేరొచ్చు.

6. బాయిలర్ కెటిల్‌లా రొదపెడితే సున్నం పట్టి ఉండొచ్చు. లండన్ చుట్టుపక్కల నీళ్ళలో సున్నం ఎక్కువ. సున్నానికి ఆమ్లం కలిసిన మందు వాడాలి, వాడాక అది చుక్క మిగలకుండా కడగాలి.

7. కడిగిన రోజే తుప్పును ఆపే ఇన్‌హిబిటర్ మందు పోయించండి. బాయిలర్‌కు తిరిగొచ్చే గొట్టానికి అయస్కాంతపు ఫిల్టర్ పెట్టించండి. 2019లో సవరించిన బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 7593 కూడా ఫిల్టర్ ఉండాలనే అంటుంది. ఏటా నీళ్ళు పరీక్షించమని, ఐదేళ్ళకోసారి మందు తిరిగి పోయడమో పూర్తి ల్యాబ్ పరీక్షో చేయించమని చెబుతుంది. ఏ మందు, ఏ తేదీన పోశారో బాయిలర్ మీద చీటీ అంటించమనండి.

పనివాడికి డబ్బిచ్చే ముందు రెండే అడగండి: "కారేచోటు దొరికిందా? ఇన్‌హిబిటర్ పోశారా?" రెండింటికీ అవునన్న జవాబు రాకపోతే, మీరు కొన్నది ఒక్క చలికాలానికి సరిపడే శుభ్రమే.