క్రొత్త అధ్యక్షుడు – ముందు ఏ పని?
(కార్టర్ పరిపాలనపై ఒక పరిశీలన)

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో నవంబరు నెలలో ఎన్నికైన అధ్యక్షుడు మరుసటి జనవరి 20వ తేదీన పదవీ ప్రమాణం చేస్తాడు. నడుమ లభించే పది పదకొండు వారాలలోనే స్వదేశంలో చేయదగిన పనులు, విదేశాలతో తేల్చుకోదగిన వ్యవహారాలు ఒక జాబితాగా సిద్ధమవుతాయి. జాబితా వ్రాయడం కష్టం కాదు. అందులో ఏది ముందు, ఏది వెనుక అనే నిర్ణయమే కష్టం. 1977లో అధికారానికి వచ్చిన జిమ్మీ కార్టర్ అనుభవాన్ని ఆధారంగా చేసుకొని ఈ విషయాన్ని మనం పరిశీలిద్దాం.

వియత్నాం యుద్ధం, వాటర్‌గేట్ వ్యవహారం ముగిసిన తర్వాత జరిగిన తొలి అధ్యక్ష ఎన్నికలో కార్టర్ గెలిచారు. జార్జియా రాష్ట్రానికి గవర్నరుగా పనిచేసి, వేరుశనగ సాగు, వ్యాపారం చేసిన ఆయనకు రాజధాని రాజకీయాలతో పరిచయం తక్కువ. ప్రజలు ఆయనను ఆదరించడానికి అదొక కారణం. తర్వాత ఆయన పడిన ఇబ్బందులకు కూడా అదే కారణమని మా అభిప్రాయం.

స్వదేశీ కార్యక్రమంలో ఆయన ఇంధన సమస్యకు అగ్రస్థానమిచ్చారు. 1973లో అరబ్బు దేశాలు చమురు సరఫరాను నిలిపివేసినప్పుడు అమెరికాలో పెట్రోలు బంకుల వద్ద కార్లు బారులు తీరాయి. 1977 నాటికి ఆ దేశం వాడుకొనే చమురులో దాదాపు సగం దిగుమతి అయ్యేది. ఫిబ్రవరి 2న కార్టర్ ఉన్ని స్వెట్టరు ధరించి టెలివిజనులో కనిపించి, ఇండ్లలో వేడిమి తగ్గించుకోవలసిందిగా ప్రజలను కోరారు. ఏప్రిల్‌లో సమగ్ర ఇంధన ప్రణాళికను ప్రకటించారు. అది చట్టమై ఆయన సంతకం పొందినది మాత్రం 1978 నవంబరులో, అదీ ఎంతో సడలిన తర్వాత.

ఇంత ఆలస్యం ఎందుకు జరిగింది? అమెరికా శాసనసభను కాంగ్రెసు అంటారు (మన దేశంలోని పార్టీతో పొరబడరాదు). దాని ఉభయ సభలలోను అధ్యక్షుని డెమోక్రాటిక్ పార్టీకే ఆధిక్యం ఉండేది. అయినప్పటికీ, పదవికి వచ్చిన నెల రోజులకే ఆయన 19 జలాశయ, కాలువ పథకాలకు నిధులు నిలిపివేయబూనారు. వ్యర్థవ్యయాన్ని అరికట్టాలన్న ఉద్దేశం మంచిదే. కాని ఆనకట్టకూ ఓటుకూ గల సంబంధం కృష్ణా, గోదావరుల మధ్య పెరిగిన మనకు ఒకరు చెప్పనక్కరలేదు. సొంత పార్టీ సభ్యులే ఆగ్రహించారు. ఇంధన ప్రణాళికకు ఓట్లు వేయవలసినవారూ వారే!

విదేశాంగ విషయాలలో ఆయన ముందుగా చేపట్టినది పనామా కాలువ. 1903 నాటి ఒడంబడిక వలన కాలువ, దాని ఇరుప్రక్కల భూభాగం అమెరికా అధీనంలో ఉండేవి. 1964లో అక్కడ జరిగిన అల్లర్లలో పనామా పౌరులు పలువురు మరణించారు. ఒక చిన్న దేశపు నడిబొడ్డున పరదేశపు జెండా ఎగరడం న్యాయం కాదని కార్టర్ భావించారు. 1977 సెప్టెంబరు 7న ఒప్పందాలపై సంతకాలయ్యాయి. వాటిని సెనేటు మూడింట రెండు వంతుల మెజారిటీతో ఆమోదించాలి, అనగా నూరుమందిలో 67 ఓట్లు కావాలి. 1978 మార్చిలో ఒకసారి, ఏప్రిల్‌లో మరొకసారి 68 ఓట్లు వచ్చాయి. అనుకూలంగా ఓటు వేసిన సెనేటర్లలో పలువురు 1978, 1980 ఎన్నికలలో ఓడిపోయారు. తమ నియోజకవర్గాలలో వ్యతిరేకత ఉన్నదని తెలిసే ఓటు వేసినవారు వారిలో ఉన్నారు. వారి పేర్లు మన పాఠ్యపుస్తకాలలో కనిపించవు. 1999 డిసెంబరు 31న కాలువ పనామా వశమైంది.

మానవ హక్కుల నినాదం ఇంత నిలకడగా సాగలేదు. 1977 డిసెంబరు 31 రాత్రి టెహరాన్ విందులో, షా పాలనలోని ఇరాన్‌ను సుస్థిరమైన ద్వీపమని కార్టర్ కొనియాడారు. ఏడాది తిరిగిన కొద్ది రోజులకే షా దేశం విడిచి వెళ్ళారు.

ఆ విందు మరునాడే కార్టర్ ఢిల్లీ చేరారు. అక్కడ చర్చలలో ముఖ్యమైనది తారాపూర్ అణు విద్యుత్కేంద్రపు ఇంధనం. 1963 ఒప్పందం ప్రకారం అమెరికా దానిని సరఫరా చేయాలి. కాని 1978 మార్చిలో ఆయనే సంతకం చేసిన అణ్వస్త్ర నిరోధక చట్టం ఆ సరఫరాకు అడ్డు వచ్చింది. స్వదేశీ చట్టం ఒకవైపు, పరదేశానికిచ్చిన మాట మరొకవైపు! 1980లో ఇంధనం పంపడానికే ఆయన నిశ్చయించారు. ప్రతినిధుల సభ కాదన్నది. సెనేటు 48–46 ఓట్లతో సమ్మతించింది. ఒకే జాబితాలోని రెండు అంశాలు పరస్పరం ఢీకొన్నందుకు ఇంతకంటె మంచి ఉదాహరణ మాకు కనబడలేదు.

ఈజిప్టు, ఇజ్రాయెల్‌ల నడుమ 1979 మార్చిలో కుదిరిన శాంతి ఒడంబడిక ఆయన విజయాలన్నిటిలో గొప్పది. అందుకు ముందు క్యాంప్ డేవిడ్‌లో 13 రోజులు తక్కిన పనులన్నీ ప్రక్కకు పెట్టి కూర్చున్నారు. ఒక్క విషయంపై అంతటి ఏకాగ్రత ఆయన పాలనలో అరుదు.

1979 నవంబరు 4న టెహరాన్‌లోని అమెరికా రాయబార కార్యాలయం ముట్టడికి లోనైంది. బందీలలో 52 మంది 444 రోజులు అక్కడే ఉండిపోయారు. వారి విడుదల 1981 జనవరి 20న, రోనాల్డ్ రీగన్ ప్రమాణం చేసిన కొద్ది నిమిషాలకు జరిగింది. రీగన్ జాబితాలో మొదటి అంశం పన్నుల తగ్గింపు. ప్రతినిధుల సభ ప్రతిపక్షం చేతిలో ఉన్నప్పటికీ, ఆ ఆగస్టులోనే అది చట్టమైంది.