రేస్ కారులో ఫైర్ సిస్టమ్ బిగించడం ఎలా? ముందు మల్టీమీటర్ పక్కన పెట్టండి

ఎప్పుడూ ఫోన్లు, ఇయర్‌బడ్స్ గురించి రాసే నేను ఈసారి కొంచెం తేడా గాడ్జెట్ తో వచ్చాను. దీనికి డిస్‌ప్లే లేదు, యాప్ లేదు. 9 వోల్ట్ బ్యాటరీ, చిన్న ఎల్ఈడీలు, ఒక స్విచ్ ఉన్న డబ్బా, దానికి రెండు బటన్లు. బటన్ నొక్కితే కారులోని సిలిండర్ మొత్తం ఖాళీ అవుతుంది. కొన్నవాడు జీవితంలో ఒక్కసారి కూడా వాడకూడదని కోరుకునే గాడ్జెట్ ఇది.

మా కాలేజ్ సీనియర్ ఒకతను చెన్నైలో పాత హ్యాచ్‌బ్యాక్ ని ర్యాలీ కారుగా మార్చుకుంటున్నాడు. "వైరింగ్ పని నువ్వు చూడరా" అని పిలిచాడు. నేను చదివింది ఈసీఈ, చేసేది జావా. అయినా రెండు వీకెండ్లు వెళ్లాను.

ఈ సిస్టమ్ కారుని కాపాడటానికి కాదు. బెల్టులు విప్పుకుని బయటకు దూకడానికి డ్రైవర్ కి కొన్ని సెకన్లు సంపాదించి పెట్టడానికి. 2020 నవంబర్ లో బహ్రెయిన్ ఫార్ములా వన్ రేసులో రోమన్ గ్రోజాన్ కారు బారియర్ ని గుద్ది రెండు ముక్కలైంది. దాదాపు 28 సెకన్లు మంటల్లో ఉండి తనంతట తానే బయటకు వచ్చాడు. అంత పెద్ద మంటని ఇలాంటి సిలిండర్ ఆర్పేయదు. కానీ లీకైన పెట్రోల్ వేడి ఎగ్జాస్ట్ మీద పడి అప్పుడే అంటుకున్న మంటకి ఇది సరైన సమాధానం.

సిలిండర్, పైపులు

మెకానికల్ రకంలో కేబుల్ లాగాలి, ఎలక్ట్రికల్ రకంలో బటన్ నొక్కాలి. లోపల ఫోమ్ ఉంటుంది, లేదా గ్యాస్ గా మారే ద్రవం ఉంటుంది. మేం తీసుకున్నది 4 లీటర్ల ఫోమ్, ఎలక్ట్రికల్. ఫోమ్ అయితే తర్వాత కడుక్కోవడం నరకం. కానీ గ్యాస్ లా గాలికి ఇట్టే కొట్టుకుపోదు.

సిలిండర్ బిగింపు 25 జి కుదుపుని తట్టుకోవాలని ఎఫ్ఐఏ రూల్. సిలిండర్ 6 కిలోలు అనుకుంటే, గుద్దుకున్న క్షణంలో 150 కిలోల బరువుతో లాగినట్టు. అందుకే మెటల్ పట్టీలు, ఫ్లోర్ కింద స్టీల్ ప్లేటు, బోల్టులు తప్పనిసరి. మామూలు స్క్రూలతో బిగిస్తే యాక్సిడెంట్ లో ఆ సిలిండరే మీ వీపుకి తగులుతుంది. మా కిట్ మాన్యువల్ సిలిండర్ ని కారుకి అడ్డంగా పడుకోబెట్టమంది, అలాగే పెట్టాం.

పైపుని ఆక్సా బ్లేడుతో కోయకండి. అల్యూమినియం రజను లోపల పడి సన్నటి నాజిల్ ని మూసేస్తుంది. పైప్ కట్టర్ కొనండి.

ఇంజన్ వైపు నాజిల్స్ ని ఇంజెక్టర్లు, ఎగ్జాస్ట్ ఉన్న చోటుకి గురిపెట్టాం. లోపలి నాజిల్ దగ్గర నేను తప్పు చేశాను. సీనియర్ హెల్మెట్ పెట్టుకుని కూర్చుని, "ఇది నేరుగా నా మొహం మీద కొడుతుందిరా" అన్నాడు. దాన్ని కాళ్ల వైపు తిప్పాం.

బటన్లు, వైరింగ్

లోపలి బటన్ ని డ్యాష్‌బోర్డ్ మధ్యలో నీట్ గా పెట్టాను. ఫోటోలో సూపర్ గా ఉంది. బెల్టులు గట్టిగా బిగించాక చూస్తే సీనియర్ వేలికి నాలుగు వేళ్ల దూరంలో ఆగిపోయింది! రూల్ ప్రకారం బెల్టులు, స్టీరింగ్ అన్నీ ఉండగానే డ్రైవర్ చేతికి అందాలి. మళ్లీ రంధ్రాలు వేసి గేర్ లివర్ దగ్గరకు మార్చాం. కళ్లు మూసుకుని పదిసార్లు తాకమన్నాను. పొగలో కళ్లు కనపడవు కదా.

రెండో బటన్ కారు బయట, కిల్ స్విచ్ పక్కన. అక్కడ ఎర్ర అంచున్న తెల్లటి గుండ్రంలో ఎర్రటి E స్టిక్కర్ ఉండాలి, కనీసం 10 సెంటీమీటర్ల వ్యాసంతో. డ్రైవర్ స్పృహ కోల్పోతే మార్షల్ వెతికేది దాన్నే.

డబ్బాకి సొంత బ్యాటరీ ఎందుకు, కారు 12 వోల్ట్ ఇవ్వొచ్చు కదా అని నాకూ అనిపించింది. కానీ ప్రమాదంలో మొదట చేసే పని కిల్ స్విచ్ తిప్పడం. దాంతో కారు కరెంట్ మొత్తం పోతుంది. సిస్టమ్ దాని మీదే ఆధారపడితే అప్పుడే చచ్చిపోతుంది.

ఇక అసలు విషయం. అన్నీ కలిపాక అలవాటు ప్రకారం మల్టీమీటర్ బీప్ మోడ్ లో పెట్టి సిలిండర్ కి వెళ్లే రెండు వైర్ల మీద ప్రోబ్స్ పెట్టబోయాను. సీనియర్ నా చెయ్యి పట్టుకున్నాడు. కంటిన్యూటీ చూడటానికి మీటర్ తన కరెంట్ ని ఆ వైర్లలోకి పంపుతుంది. అవతల ఉన్నది కరెంట్ తగిలితే సిలిండర్ ని తెరిచే భాగం. ఆ కొద్దిపాటి కరెంట్ కే పేలొచ్చు. మాన్యువల్ లో ఇది స్పష్టంగా ఉంది, చదవంది నేనే.

సరైన పద్ధతి ఏంటంటే, సిలిండర్ కనెక్టర్ పీకేసి డబ్బాని టెస్ట్ మోడ్ లో పెట్టి ఒక్కో బటన్ నొక్కాలి. లోపలి బటన్ కి లైట్ వెలిగింది. బయటి బటన్ కి వెలగలేదు. ఇంకోసారి నొక్కాను, లేదు. అరగంట వెతికితే తేలింది: టెర్మినల్ ని నేను రాగి తీగ మీద కాకుండా వైరు పైనున్న ప్లాస్టిక్ తొడుగు మీద క్రింప్ చేశాను. లాగితే ఊడట్లేదు, చూడటానికి బాగానే ఉంది. మార్షల్ ఎంత నొక్కినా ఏమీ జరిగేది కాదు. మా సీనియర్ ఏమీ అనలేదు, వెళ్లి టీ తెచ్చాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆఫీసులో బగ్ వస్తే రోల్‌బ్యాక్ ఉంటుంది.

మీది ఎలక్ట్రిక్ కారు అయితే ఇదే సిస్టమ్ మీద భరోసా పెట్టుకోవద్దు. లిథియం బ్యాటరీ ప్యాక్ లోపల మొదలైన వేడి ఫోమ్ చల్లితే ఆగదు, దానికి చాలా నీళ్లతో చల్లబరచడం కావాలి.

మెయింటెనెన్స్ పెద్దగా లేదు. సిలిండర్ ని రెండేళ్లకోసారి సర్వీస్ చేయించాలి, డేట్ దాటితే స్క్రూటినీలోనే ఆపేస్తారు. ప్రతి ఈవెంట్ కి ముందు కొత్త ఆల్కలైన్ బ్యాటరీ వేయండి, రీచార్జబుల్ వద్దు. కారుని ట్రక్కు మీద తీసుకెళ్లేటప్పుడు, రిపేర్ చేసేటప్పుడు స్విచ్ ఆఫ్ లో ఉండాలి, స్టార్ట్ లైన్ దగ్గర ఆన్ లో ఉండాలి. మరిచిపోవడం చాలా ఈజీ. అందుకే మా కారులో కో-డ్రైవర్ కళ్లెదురుగా తెల్ల మార్కర్ తో "ఫైర్ ఆన్?" అని రాశాం. అతను పైకి చదివి, అటువైపు నుంచి జవాబు వచ్చాకే కారు కదులుతుంది.